పటేల్ తుపాకీ అప్పగింత

సెల్‌ఫోన్ పోయిందని ఫిర్యాదు ఇవ్వడానికి ఈ రోజు పోలీస్ స్టేషన్‌కు వెళ్లాను. అప్పుడే బయట రెండు కార్లు ఆగాయి. రేగొండ దగ్గరున్న మా ఊరి పటేల్ దిగాడు. సర్పంచ్ ఎన్నికలు కదా, లైసెన్స్ తుపాకులన్నీ స్టేషన్‌లో అప్పగించాలి. ఆ పనికి కూడా ఆయన ఇస్త్రీ చొక్కా వేసుకుని, ఫొటోగ్రాఫర్‌ను వెంటబెట్టుకుని వచ్చాడు. తుపాకీ అప్పగించడాన్ని సన్మానం అనుకునే మనిషిని ఇంకెక్కడా చూడలేదు.

ఆ లైసెన్స్ ఇచ్చింది పంట రక్షణకు. మక్కచేన్లు అడవి పందుల పాలవుతున్నాయని మేం వెళ్లి మొత్తుకున్నప్పుడల్లా "రూల్స్ ఒప్పుకోవురా" అని మీసం తిప్పేవాడు. పెళ్లిళ్లకు మాత్రం దాన్ని భుజాన వేసుకుని వచ్చేవాడు.

లోపల తూటా ఉందేమో చూద్దామని హెడ్ కానిస్టేబుల్ తుపాకీ తెరవబోయాడు. తుప్పు పట్టి కదల్లేదు. గొట్టంలోకి టార్చి వేసి చూసి నవ్వాడు.

"పటేలా, గిండ్ల కందిరీగ గూడు పెట్టింది. పేల్చక ఎన్నేండ్లయింది?"

"గది నీకెందుకయ్యా? మంచి కండిషన్ల ఉన్నదని రసీదు రాయి."

"ఎట్ల రాయాలె? పనిచేయదనే రాస్త."

"జర మెల్లగ మాట్లాడు, ఊరోళ్లున్నరు," అన్నాడు పటేల్ నా వైపు చూస్తూ. ఫొటోగ్రాఫర్ మాత్రం ఫొటోలు తీస్తూనే ఉన్నాడు.

మీ ఊళ్లోనూ ఇలాంటి తుపాకీ ఉంటే చెప్పండి. మా ఊరిది పేలదని అడవి పందులకు ఎప్పుడో తెలిసినట్టుంది. ఇన్నేళ్లూ దానికి భయపడి నమస్తేలు పెట్టింది మేమే.