ఊరంతా చూసిన వెబ్‌సైటు

ట్రైనింగు అనే మాట వినబడితే నాకు ఇప్పటికీ అక్కణ్ణించి లేచి పోవాలనిపిస్తుంది. ఎవరైనా పలకరింపుగా "మేడమ్, మళ్ళీ ఏదో ట్రైనింగట కదా" అంటే "నన్నొదిలెయ్యండి బాబూ" అని రెండు చేతులూ జోడిస్తాను. వాళ్ళు నవ్వేస్తారు. నేను సరదాకి అంటున్నాననుకుంటారు.

కోటబొమ్మాళికీ పాతపట్నానికీ మధ్య ఒక చిన్న ఊళ్ళో శాఖా గ్రంథాలయం నాది. ప్రభుత్వానిదే, కానీ తాళం చెవి ఏళ్ళ తరబడి నా కొంగున ఉంటే నాది అనే నోటికొస్తుంది. రెండు గదులు, ఒక వరండా, ఒక్కటే ఒక్క కంప్యూటరు, ఎండాకాలం పెనంలా కాలే రేకులు. పొద్దున మూడు గంటలు, సాయంత్రం మూడు గంటలు తెరిచేదాన్ని. పొద్దున పేపర్ల కోసం మగవాళ్ళు, సాయంత్రం పరీక్షలకు చదివే పిల్లలు. రెండు పూటలా వచ్చేది మాత్రం ఒక్క అమ్మాయే.

అమ్మాయి అంటున్నాను గానీ ఒక ఇంటి కోడలు. మొగుడు చెన్నైలో తాపీ పని. ఇంట్లో అత్త, గేదెలు, ఒక చంటిపిల్ల. టీచరు ఉద్యోగం పరీక్షకు చదువుకుంటోంది. ఇంట్లో పుస్తకం తెరిస్తే చాలు, అత్తకు ఏదో ఒక పని గుర్తొస్తుంది. అలాగని ఆవిడ చెడ్డ మనిషి కాదు. ఒకరోజు చెప్పాపెట్టకుండా లైబ్రరీకి వచ్చి, గుమ్మంలో నిలబడి నన్ను ఎగాదిగా చూసింది.

"మీరేనేటి ఇక్కడి అమ్మగోరు? ఆడమనిసే ఉన్నాది అని మా కోడలు సెప్తే నిజవో కాదో సూద్దారని వచ్చాను. మరైతే పర్నేదు. సదువుకోనీండి."

అంతే. ఆ పిల్లకు ఇంట్లోంచి బయటికి రావడానికి దొరికిన అనుమతి అదొక్కటే. సంతకు పోవాలన్నా అత్త తోడు రావాలి, గుడికి పోవాలన్నా అత్త తోడు రావాలి. లైబ్రరీకి మాత్రం ఒక్కతే, చంకలో పిల్ల, చేతిలో సంచీ. మా లైబ్రరీ ఉన్నన్నాళ్ళే ఆ చదువు అని నాకు తెలుసు, ఆమెకూ తెలుసు.

ఇలా ఉండగా పైనుంచి కబురొచ్చింది. వాడకం తక్కువగా ఉన్న శాఖల్ని పెద్ద లైబ్రరీల్లో కలిపేస్తారట. మాది కలిపితే బస్సెక్కి పోవలసిన ఊరికి పోతుంది. దాని వెనకే ఇంకో కబురు. ప్రతి శాఖకూ ఒక వెబ్‌సైటు ఉండాలి, అది లైబ్రేరియన్లే తయారు చెయ్యాలి, దాన్ని ఎంతమంది చూశారో చూసి ఏ శాఖ ఉండాలో, ఏది పోవాలో తేలుస్తారు. తయారు చెయ్యడం నేర్పడానికి శ్రీకాకుళంలో ట్రైనింగు. నాకు ఒళ్ళు మండిపోయింది. లైబ్రరీకి వచ్చే మనుషుల్ని వదిలేసి, లైబ్రరీ బొమ్మను చూసేవాళ్ళను లెక్కపెట్టడమేమిటి? ఎవరితో చెప్పుకోను? ఆ కోడలితో చెప్పాను.

పిల్లను ఒళ్ళో జోకొడుతూ అంతా విని, "అమ్మగోరూ, మీరెల్లి బేగి నేర్సీసుకుని రండి. మీకు రాకపోతే నా పనైపోతాది" అంది.

శ్రీకాకుళంలో ఏదో కాలేజీ కంప్యూటరు గదిలో మమ్మల్ని కూర్చోబెట్టారు. ఏసీ చలికి నేను చెంగు కప్పుకుని ముడుచుకుపోయాను. పాఠం చెప్పే అమ్మాయి విశాఖపట్నం నుంచి వచ్చింది, మా పెద్దదాని వయసుంటుంది. మంచి పిల్ల, ఓపిక గల పిల్ల. కానీ మాట రైలు. "జస్ట్ డ్రాగ్ చెయ్యండి మేడమ్, డ్రాప్ చెయ్యండి, అంతే మేడమ్" అనేది. నేను డ్రాగ్ చేసింది ఎక్కడో పడేది. ఎక్కడ పడిందో వెతుక్కునే లోపల ఆవిడ ఇంకో నాలుగు చెప్పేసేది. నా పక్క కుర్చీలో సముద్రం ఒడ్డు ఊరి నుంచి వచ్చిన లైబ్రేరియను ఉండేవాడు. రిటైర్మెంటు దగ్గర పడిన మనిషి. ఒక్క వేలుతో అక్షరం వెతుక్కుంటూ, నన్ను అక్క వరస పెట్టి "అప్పా, ఈ 'ఋ' ఎక్కడ దాసినారో నీకేటన్నా తెలుసునా?" అని గుసగుసలాడేవాడు. నాకు నవ్వాగేది కాదు.

మాకు ఇచ్చిన నమూనా పేజీలో ఆదివారం సెలవు అని ఉంది. నేను అది కొట్టేసి శుక్రవారం అని పెడుతుంటే పాఠం చెప్పే అమ్మాయి ఆగిపోయింది.

"శుక్రవారమా? అదేంటి మేడమ్?"

"మా లైబ్రరీలకు సెలవు శుక్రవారమే అమ్మా. నేను ఉద్యోగంలో చేరకముందు నుంచీ అంతే."

"ఆదివారం మూసేస్తే కూలీనాలీ జనాలు పేపరు ఎప్పుడు సదువుతారు తల్లీ?" అన్నాడు పక్కాయన. ఆ అమ్మాయి పెద్ద కళ్ళు చేసుకుని చూసింది. మాకు కూడా కొన్ని తెలుసులే అని కాస్త గర్వపడ్డాం.

మొదటిరోజు చేసిందంతా మర్నాటికి మాయమైంది. సేవ్ చెయ్యలేదట. ప్రభువా, ఆ రోజు ఏడుపొక్కటే తక్కువ. బాత్రూంలోకి పోయి మొహం కడుక్కుని వచ్చి మళ్ళీ మొదలుపెట్టాను. ఆ పిల్ల మాట చెవిలో మోగుతూనే ఉండేది, మీకు రాకపోతే నా పనైపోతాది అని. ఫొటోలు పెట్టడం నేర్చుకున్నాను. కొత్తగా వచ్చిన పుస్తకాల పేర్లు పెట్టడం, పోటీ పరీక్షల పుస్తకాలకు వేరే పేజీ పెట్టడం నేర్చుకున్నాను. ఆఖరి రోజు నా ముందున్న తెర మీద మా లైబ్రరీ వరండా, మా రేకుల కప్పు కనబడితే, ఎందుకు దాచాలి, కళ్ళు చెమర్చాయి. ఈ వయసులో నాకు చేతనైందే అనుకున్నాను.

వెళ్ళేముందు పాఠం చెప్పే అమ్మాయి ఒక మాట చెప్పింది. "రేపట్నుంచి ఎంతమంది విజిట్ చేశారో సైటే కౌంట్ చేసుకుంటుంది. మీరేమీ చెయ్యక్కర్లేదు." అదే చూసుకుంటుందంటే ఇంక అడగడానికేముంది? మాలో ఒక్కరూ అడగలేదు.

ఊరికి రాగానే అందరినీ కూర్చోబెట్టి సంగతి చెప్పాను. ఈ వెబ్‌సైటు ఎక్కువమంది చూస్తే లైబ్రరీ ఉంటుంది, లేకపోతే ఉండదు అన్నాను. పొద్దున్నే వచ్చి పేపరంతా, చివరికి టెండరు ప్రకటనలతో సహా చదివే కిరాణా షావుకారు ఒకాయన ఉండేవాడు. మా లైబ్రరీలో ఒక పద్ధతి. గుమ్మం దగ్గర సంతకం పెట్టనిదే ఎవరూ పేపరు ముట్టుకోకూడదు. షావుకారయినా, సర్పంచయినా సరే. ఆయన దాన్నే పట్టుకున్నాడు.

"సంతకం పెట్టకండా నువ్వు పేపరు ముట్టుకోనివ్వవు గదమ్మా. ఇదీ అలగే. వచ్చినోడల్లా ముందు ఆ కంప్యూటరు కాడ కూకోవాల, మన వెబ్‌సైటు సూడాల, అప్పుడే పేపరు. ఏటంటావు?"

అందరికీ నచ్చింది. ఫోనుల్లో చూడొచ్చు కదా అని ఒక కుర్రాడు అంటే షావుకారు గయ్యిమన్నాడు. "సంతకం ఇంటికాడ పెట్టి పంపిస్తావేట్రా? వచ్చినోడు వచ్చినట్టు కనబడాల గదా!" అందరూ అవునవునన్నారు. నాకూ సబబే అనిపించింది. సంతకం అంటే మనిషి స్వయంగా వచ్చి పెట్టేదే కదా.

అలా మొదలైంది. వరండాలో లైను. పెద్దవాళ్ళు మౌసును కోడిపిల్లను పట్టుకున్నట్టు పట్టుకునేవాళ్ళు. "ఏటున్నాది ఇందులో? మన లైబ్రరీయే గదా, మనం ఇందులోనే ఉన్నాం గదా" అని ఒకాయన రోజూ అడిగేవాడు, అడిగి రోజూ ఆఖరిదాకా చూసి లేచేవాడు. షావుకారు కొట్లో పనిచేసే వాళ్ళను కూడా తోలుకొచ్చాడు. సంతరోజు పక్క ఊళ్ళవాళ్ళు సంచులు గోడకానించి వచ్చి కూర్చున్నారు. నేను ఆదివారం మా బాప్టిస్టు సంఘంలో ప్రార్థన మనవుల్లో లైబ్రరీ పేరు చెప్పించాను, ఆరాధన అయ్యాక ఆడవాళ్ళు తెల్లచీరలతోనే తిన్నగా వచ్చి లైన్లో నిలబడ్డారు. ఆ కోడలు తన వంతు అయ్యాక చంటిదాని వేలు పట్టుకుని మౌసు నొక్కించి, "ఇదీ ఒక మనిసే, లెక్కెయ్యండి అమ్మగోరూ" అని పకపకా నవ్వింది. ఆ పిల్ల అలా నవ్వగా నేను ముందెప్పుడూ చూడలేదు.

మా లైబ్రరీ ఎన్నడూ అంత నిండుగా లేదు. నిజం చెప్తున్నాను, ఆ రోజుల్లో నేను పొద్దున్నే పాటలు పాడుకుంటూ తాళం తీసేదాన్ని.

తర్వాత మళ్ళీ శ్రీకాకుళం పిలిచారు. పెద్ద హాలు, గోడ మీద తెర, పక్కన అధికారి. ఒక్కో శాఖ పేరూ, ఆ వెబ్‌సైటును చూసినవాళ్ళ సంఖ్యా తెర మీద పడుతున్నాయి. సముద్రం ఒడ్డు ఊరాయనకు బోలెడంతమంది. చప్పట్లు. నేను కుర్చీ అంచుకు జరిగి కూర్చున్నాను, మాకు ఇంకా ఎక్కువ వచ్చి ఉంటుందని.

మా ఊరి పేరు పడింది. పక్కన ఒకటి అని ఉంది. ఒక్కరు.

హాలంతా గొల్లుమంది. "మేడమ్, మీరొక్కరే చూసుకున్నారా ఏంటి?" అని వెనక నుంచి ఎవరో అన్నారు. నేను లేచి నిలబడ్డాను. "తప్పు. ఊరంతా చూసింది. నా కళ్ళ ముందు చూశారు. ఒక్కొక్కళ్ళను నేనే కుర్చీలో కూర్చోబెట్టాను" అన్నాను. గొంతు ఎంత పెరిగిందో నాకే తెలియలేదు.

పాఠం చెప్పిన అమ్మాయి నా దగ్గరికి వచ్చింది. "అందరూ ఏ ఫోన్లలో చూశారు మేడమ్?"

"ఫోన్లెందుకు? లైబ్రరీ కంప్యూటర్లోనే. లైను కట్టి మరీ."

ఆమె మొహం పాలిపోయింది. "ఒకే కంప్యూటరా మేడమ్? దానికి మనుషులు కనబడరు. ఒక కంప్యూటర్ని ఒక మనిషిగానే లెక్కేస్తుంది. ఎన్నిసార్లు, ఎంతమంది చూసినా ఒక్కరే."

నాకు కాసేపు అర్థం కాలేదు. అర్థమయ్యాక అధికారి దగ్గరికి పోయి, సంతకాలున్నాయి చూడండి, మా ఊరు రండి, మీ కళ్ళతో చూడండి అని బతిమాలాను. ఆయన విసుక్కోలేదు, అరవలేదు. అరిచినా బాగుండేది. "అమ్మా, సిస్టంలో ఏముందో అదే మేం చూసేది. లిస్టు ఇప్పటికే పైకి వెళ్ళిపోయింది" అని టీ కప్పు అందుకున్నాడు.

బయట మెట్ల మీద సముద్రం ఒడ్డాయన నా పక్కన కూలబడ్డాడు. "నా లైబ్రరీకి మనుసులెక్కడొస్తన్నారప్పా? ఒడ్డున పడవల ఫొటో పెట్టాను. ఎవులెవులో ఫోన్లలో పంపుకున్నారు. అంతే" అన్నాడు. సిగ్గుపడుతున్నట్టు అన్నాడు. పాపం, ఆయన తప్పేముంది? ఎవరి తప్పూ లేదు. నాకు ఎవరినైనా కడుపారా తిట్టాలని ఉంది, తిట్టడానికి మనిషి దొరకడం లేదు. బస్సులో కిటికీ వైపు తిరిగి ఊరు వచ్చేదాకా ఏడ్చాను. ఈ ఉద్యోగంలో నేనింక ఎవరికీ పనికిరానని ఆ రోజు నాకు తెలిసిపోయింది.

షావుకారు నమ్మలేదు. "మేవందరం కూకున్నాం గదా! నానొక్కణ్నే ఎన్నిమాట్లు కూకున్నాను! ఒక్కలేటి?" అని కంప్యూటరు మీద కేకలేశాడు. కేకలేసి ఏం లాభం? వ్యాను వచ్చింది. పుస్తకాలు గోనెసంచుల్లో కుక్కి తీసుకుపోయారు. నన్ను ఆ పెద్ద లైబ్రరీకే వేశారు.

పోయేముందు ఆ కోడలింటికి వెళ్ళాను. అత్తగారు పీట వేసి, మజ్జిగ ఇచ్చింది. అక్కడ కూడా నేనే ఉంటాను, అమ్మాయిని బస్సు ఎక్కించండి, పరీక్ష దగ్గర పడుతోంది అని అడిగాను. నా గొంతు నాకే అడుక్కుంటున్నట్టు వినిపించింది.

"మీ మాట కాదన్ననేను అమ్మగోరూ. ఊళ్ళో కాబట్టి పంపించాను. కోడల్ని రోజూ బస్సెక్కించి పుస్తకాలకి పంపిస్తే నలుగురూ ఏటంటారు? ఆడు చెన్నైనుంచి వచ్చి అడిగితే నానేటి సెప్పాల?"

కోపంగా అనలేదు. నేను మజ్జిగ గ్లాసు చేతిలోనే పట్టుకుని కూర్చున్నాను. ఆవిడ గేదె అరుస్తోందని పెరట్లోకి వెళ్ళింది.

కోడలు వాకిట్లో బియ్యం చెరుగుతోంది. అంతసేపూ తలెత్తలేదు. చేట ఆపి, పెరటి వైపు ఒకసారి చూసి, గొంతు తగ్గించి అడిగింది.

"అమ్మగోరూ, ఒక్కలే వచ్చినారని గదా కంప్యూటరు సెప్పింది. ఆ ఒక్కలూ నేననే సెప్పండి ఆలకి. ఒక్కలు సదువుకోడానికి ఒక లైబ్రరీ ఉంచరేటి?"

ఉంచరమ్మా అని చెప్పలేకపోయాను. గ్లాసు కింద పెట్టి, చెప్పులేసుకుని, బస్సుకు టైమైందని చెప్పి వచ్చేశాను.