చిత్త కింది చిన్న చుక్క

మొన్న ఉక్కకు తాళలేక డాబా మీద పక్క వేసుకుంటే ఆగ్నేయాన చిత్త నక్షత్రం కనబడింది గాని, దానికి కొంచెం కింద ఉండవలసిన చిన్న చుక్క ఎంత వెతికినా దొరకలేదు. హన్మకొండ దీపాలు ఆ పక్క ఆకాశాన్నంతా తెల్లబరిచాయి. ఆ చుక్క తలపుకొస్తే ఇప్పటికీ నా తల వంగిపోతుంది.

అవి కరెంటు కోతల ఎండాకాలాలు. మీకూ గుర్తుండే ఉంటుంది, పొద్దుగూకగానే వీధులకు వీధులు ఆరిపోయేవి, విసనకర్రలు పట్టుకొని అందరం డాబాలెక్కేవాళ్ళం. మన సూర్యుడి వంటిదే, నక్షత్రాల లెక్కలో మనకు పొరుగుదే అయిన ఆ చుక్క చుట్టూ మూడు గ్రహాలున్నట్టు కనిపెట్టారని పత్రికలో చదివి నేను పొంగిపోయాను. జాతకాల మీద, గ్రహణపు పట్టింపుల మీద పరకాల నుంచి వర్ధన్నపేట దాకా నేను వాదించని ఊరు లేదు. గ్రహాలున్న మరో సూర్యుణ్ణి చూపిస్తాను రమ్మని అందరినీ పిలిచి, నా టెలిస్కోపును ఖిలా వరంగల్‌లో మేనమామ ఇంటి డాబా మీదికి చేర్చాను. మామ కిరాణా వ్యాపారి, రాహుకాలం చూడనిదే దుకాణం తాళం తీయని మనిషి. నలుగురి ముందు ఆయన చేత ఔననిపించాలన్నది నా పంతం.

అంత చిన్న గొట్టంలో గ్రహాలు కనబడవు, నక్షత్రం మాత్రమే కనబడుతుందని చెప్పాలని నాకు తోచనే లేదు. ఏళ్ళ తరబడి వేదికలెక్కినవాడికి, తనకు తెలిసింది అందరికీ తెలుసుననే భ్రమ ఒకటి అంటుకుంటుంది.

మొదట మా మరదలు చెప్పులు విడిచి వచ్చి గొట్టానికి కన్ను ఆనించింది.

"ఔ బావా, మూడు కనవడ్తానయ్! ఒకటి జర ఎర్రగున్నది."

ఆమె వెనక వచ్చిన ఇరుగుపొరుగులందరికీ మూడే కనబడ్డాయి. నేను నోరు తెరిచేలోగా మామ వంతు వచ్చింది. ఆయన చాలాసేపు చూసి లేచాడు.

"నాకైతె ఒక్క చుక్కనే కనవడ్తాందిరా. గ్రహాలు ఏడున్నయ్?"

"నీ కంట్ల పొర వచ్చింది నాయినా, రేపు దవాఖానకు పోదాం తియ్యి" అన్నాడు బావమరిది. అందరూ నవ్వారు.

"పొరుంటె చుక్క సుత కనవడొద్దు గదరా!"

ఊరంతా మూఢుడని నేను చాటిన మనిషి, ఆ డాబా మీద ఉన్న ఒకే ఒక్క హేతువాది. మామ చెప్పిందే నిజమని, ఈ గొట్టంలో గ్రహాలు ఎవరికీ కనబడవని నేను చెప్పవలసి వచ్చింది. నవ్వులు ఆగిపోయాయి. మరదలు మొహం చిన్నబుచ్చుకుని, "మీరు చెప్పిండ్లు గద బావా, లేకుంట ఎట్లుంటయ్ అనుకున్నం" అంది. నా ముప్పై ఏళ్ళ ఉపన్యాసాల మీద అంతకు మించిన తీర్పు ఎవరూ ఇవ్వలేదు. పూజారి పీట ఖాళీ చేయించి దాని మీద నేను కూర్చున్నాను, అంతే. ఆమె వదిలి వచ్చిన చెప్పులు చూడలేక మొహం తిప్పుకున్నాను.

కనబడనివి ఉన్నాయని ఎట్లా తెలిసిందని అడిగింది కూడా మామ ఒక్కడే. పిల్లను చేతులు పట్టుకొని గిరగిర తిప్పితే తిప్పేవాడి ఒళ్ళు కూడా ఊగినట్టు, గ్రహాలు తిరుగుతుంటే నక్షత్రం కూడా కొద్దిగా ఊగుతుందని, ఆ ఊపు దాని వెలుగులో పట్టుబడుతుందని చెప్పాను. ఆయన కళ్ళు మూసుకుని విని తలాడించాడు.

"గిది ముందుగాల చెప్పద్దా మరి? నమ్ముమంటె నమ్మ గని, సమజైతె ఒప్పుకుంట."

మర్నాడు మామ రాహుకాలం దాటాకే దుకాణం తెరిచాడు. నేను వాదానికి పోలేదు.

ఇప్పుడు కోతలు లేవు, ఆ చీకటి లేదు, మామ లేడు. నా మాటలకు చప్పట్లు మాత్రం మునుపటికన్నా ఎక్కువే వస్తున్నాయి. అవి మోగుతున్నంతసేపూ నా చూపు వెనక వరుసల్లోకి పోతుంది, తనకు ఒక్క చుక్కే కనబడుతున్నదని ఎవరైనా లేచి నిలబడతారేమోనని.