వసంత ముందు ఉర్దూలో మాట్లాడుకున్న రోజులు

ఇదంతా 1968 జూలై 8, సోమవారం, ఉదయం పదకొండు గంటలకు మొదలైంది. ఇవాళ పక్కింట్లో మోసంబి ఒలుస్తుంటే ఆ తొక్క వాసన కిటికీలోంచి వచ్చి నన్ను మళ్లీ ఆ గంటలో నిలబెట్టింది. దవాఖాన వరండాలో నేను మోసంబిల సంచి పట్టుకుని ఉండగా, డాక్టరు నాన్నను పక్కకు పిలిచి, మా చెల్లెలు వసంతకు రక్తపు క్యాన్సరని చెప్పాడు. దానికి పదహారేళ్లు. నాకు ముప్పై, ఆబిడ్స్‌లో ఒక దుకాణంలో లెక్కలు రాసేదాన్ని. అమ్మ అప్పటికే లేదు.

నాన్నా నేనూ నిజాం కాలంలో ఉర్దూలో చదువుకున్నవాళ్లం. వసంతది తెలుగు మీడియం. కూరగాయలు బేరమాడేంత ఉర్దూ తప్ప దానికి రాదని మా ధీమా. అందుకే నాంపల్లి ఇంట్లో, దాని మంచం పక్కనే కూర్చుని, పుస్తకాల ఉర్దూలో అన్నీ మాట్లాడుకునేవాళ్లం. క్యాన్సర్ అనకుండా 'సర్తాన్' అనేవాళ్లం. దానితో మాత్రం "రక్తం తక్కువుంది, అంతే" అని తెలుగులో చెప్పి నవ్వేవాళ్లం. నేను గంటగంటకూ థర్మామీటరు పెట్టేదాన్ని, చిగుళ్లలో రక్తం కనబడుతుందేమోనని నోరు తెరిపించి చూసేదాన్ని. దుకాణంలో నా కూడికలు తప్పసాగాయి. అంతకుముందు ఎన్నడూ తప్పలేదు.

మా ఇంటి వెనక భాగంలో కిరాయికుండే సుగుణమ్మ టీచరు మెదక్ వైపు మనిషి, మిషన్ బడిలో పాఠాలు చెప్పేది. సాయంత్రాలు వచ్చి వసంత దగ్గర కూర్చునేది. "ఏం పిల్లా, ఇయ్యాల ఎవరి మీద కోపమున్నది?" అని అడిగేది.

"అక్క మీద. నా నోట్ల ఆ గాజుపుల్ల పెట్టుడు తప్ప ఒక్క మాట మాట్లాడది," అంది వసంత ఒకనాడు.

టీచరు నా వైపు చేయి చాపింది. "అది ఇటియ్యి. జ్వరం నేను చూస్త. నువ్వు ఆబిడ్స్ దిక్కు తిరిగి రా, పో."

"నేను లేనప్పుడు ఏమన్న అయితే?"

"ఉన్నప్పుడైతే ఆపుతవా? నువ్వు పడిపోతే నిన్నెవరు చూస్తరు, బిడ్డా?"

పెద్ద పోస్టాఫీసు దాకా నడిచి, గోడకానుకుని ఏడ్చి వచ్చాను. డాక్టరు మాట విన్నాక నేను ఏడవడం అదే మొదటిసారి.

అక్టోబరు 6, ఆదివారం, చర్చి నుంచి రాగానే టీచరు నన్ను వంటింట్లోకి పిలిచింది. "సర్తానొస్తే ఎన్ని దినాలు బతుకుతరని వసంత నన్నడిగింది. గల్లీల పుట్టి పెరిగిన పిల్లకు మీ ఉర్దూ తెల్వదనుకున్నరా? మొదటి దినం నుంచే ఎరుకంట."

"మరి మాతోటి ఎందుకనలేదు?"

"మీరు ఏడుస్తరని. మీరు దాన్ని కాపాడుతున్నరు, అది మిమ్మల్ని కాపాడుతున్నది. ఒక్క ఇంట్ల ముగ్గురూ ఒంటరే. పోయి పక్కన కూసో. ధైర్యం చెప్పకు. భయమైతున్నదా అని అడిగి, నోరు మూసుకొని విను."

"ఔనంటే ఏం చెప్పాలె?"

"నాక్కూడ భయమే అను. అబద్ధం గాదు గదా!"

వెళ్లి అడిగాను. వసంత నా వైపు తిరిగింది. "ఔ అక్కా. మీరిద్దరు నవ్వినప్పుడైతే ఇంక ఎక్కువ భయమైతది." నాకూ భయమేనన్నాను. అది నా కొంగు పట్టుకుంది. "ఇగ తెలుగుల మాట్లాడున్రి. నాయిన పుస్తకాల ఉర్దూ వినలేక సస్తున్న." ఇద్దరికీ నవ్వూ ఏడుపూ కలిసే వచ్చాయి. ఆ సాయంత్రం నాన్న తెలుగులో, తడబడుతూ, దాని పేరు పిలిచి మొదలుపెట్టాడు.

ఇప్పటికీ జబ్బు మనిషిని చూడబోతే జ్వరమెంతని అడగను. భయమవుతోందా అని అడుగుతాను. మంచంలో ఉన్నవాళ్లనూ, పక్కన కూర్చున్నవాళ్లనూ. అలా అడగాలంటే నాకు ఇంకా భయమే.

వసంత నవంబరు 11న పోయింది. దాంతో నిజం మాట్లాడిన రోజులు ముప్పై ఆరు. పోగొట్టుకున్నవి అంతకుముందటి తొంభై రోజులు, ఒక చెల్లెలు.