సాక్ష్యంలోకెక్కిన వెబ్‌సైటు పేరు

మా పలకల దుకాణం వెబ్‌సైటు పేరు ఎంత చేస్తుందో చూద్దామని, నిన్న ధరలు కట్టే ఒక సైటులో కొట్టాను. పన్నెండు లక్షలంది. నవ్వుకుని నాయనకు చూపించాను.

ఈ ఉదయం మార్కాపురంలో మా చర్చిలో సాక్ష్యాలు చెప్పే సమయానికి నాయన లేచి నిలబడ్డాడు. “దేవుడు మా పాపకు పన్నెండు లక్షల ఆస్తి ఇచ్చినాడు. అందులో దశమభాగం మందిరం పైకప్పుకే!”

అందరూ చప్పట్లు కొట్టారు. కూర్చున్నచోటే ఇంకో సైటులో చూశాను. ఎనిమిది వందలంది.

బయటికి రాగానే నాయనను పక్కకు లాగాను. “అది కంప్యూటరు ఊరికే చెప్పిన ధర నాయనా. కొనేవాళ్ళెవరూ లేరు.”

“కొనేవాడు లేకుండా ధర ఎట్ల వస్తాదమ్మా? సంతలో మేకకైనా రాదే!”

ఆయన వెనకాల పాస్టరు గారు అప్పటికే మేస్త్రీతో పైకప్పు కొలిపిస్తున్నారు. రేపు పొద్దున్నే పాత రేకులు దించేస్తారట.

ఆ సైట్లు చెప్పిన ధరకు ఎవరైనా నిజంగా అమ్ముకున్నారా? ఉంటే చెప్పండి. లేదంటే నాది మీరే కొనండి. పన్నెండు లక్షలొద్దు, అందులో పదోవంతు ఇవ్వండి. నాకు ఒక్క రూపాయి కూడా అక్కర్లేదు.