కొబ్బరికాయతో సముద్రంలోకి వచ్చిన మా సుంకన్న మామ

నిన్న పొద్దున బోటులో ఉన్నాను. చేపలు పట్టే సరదాతో వచ్చిన గెస్టు గాలానికి అప్పుడే ఒక పెద్ద పండుగప్ప చేప తగిలింది.

అంతలో ఫోన్. ఓర్వకల్లు నుంచి మామ కూతురు లక్ష్మి.

"నాయన పోయినాడు బావా. తెల్లారి లేపితే లేయలే."



గెస్టు "ఇప్పుడేం చేయాలి, ఏం చేయాలి" అని అరుస్తున్నాడు. "వదిలేయండి సార్" అన్నాను. కాస్త దారం వదలమన్నానో, అన్నీ వదిలేయమన్నానో నాకే తెలియదు. ఆయన గాలం రాడ్డు మొత్తం సముద్రంలోకి వదిలేశాడు.

మామ చూసి ఉంటే కడుపు పట్టుకుని నవ్వేవాడు.

తెలియని ఫ్రెండ్స్ కోసం చెప్తున్నా. సుంకన్న మామ మా అమ్మ తమ్ముడు. బోరు వేసే ముందు భూమిలో నీళ్లు ఎక్కడున్నాయో చూసి చెప్పడం ఆయన పని. అరచేతిలో కొబ్బరికాయ పడుకోబెట్టుకుని పొలమంతా తిరిగేవాడు. కింద నీళ్లుంటే కాయ దానంతటదే లేచి నిలబడాలి. పత్తికొండ దాకా ఆయన కాలు పెట్టని చేను లేదు.

నమ్మకమా, సైన్సా అని నన్ను అడగొద్దు.

నా పని వేరే. నెల్లూరు వైపు, పెన్న సముద్రంలో కలిసే చోట, గాలం సరదా ఉన్నవాళ్లను బోటులో తీసుకెళ్లి చేపలుండే పాయింట్ చూపిస్తాను. ఎండాకాలం వేట నిషేధం. వానలు పడి నదికి కొత్త నీళ్లు వచ్చాకే మాకు అసలు సీజన్.

కర్నూలోడికి సముద్రంలో ఏం పని అని ఇంట్లో అందరూ తిట్టారు. మామ ఒక్కడే "పోనీండప్పా, అదీ నీళ్ల పనే కదా" అన్నాడు.

ఒక ఏడాది మామకు దెబ్బ మీద దెబ్బ తగిలింది. చెప్పిన చోటల్లా బోరు ఫెయిల్. చివరికి చిన్ననాటి స్నేహితుడు మద్దిలేటి పొలంలో కూడా దుమ్మే లేచింది. మద్దిలేటి మాట మానేశాడు. మామ పని మానేశాడు. అన్నం కూడా సరిగ్గా తినేవాడు కాదు.

అత్త ఫోన్ చేసి ఏడ్చింది. "ఇట్లే ఉంటే మనిషి దక్కడప్పా. నీ కాడికి పంపిస్తాండా."

వచ్చాడు. సంచిలో చూస్తే కొబ్బరికాయ.

"పని ఇడ్సిపెట్టినావు కదా మామా?"

"ఊరికే, తోడుకు తెచ్చుకున్నాలేప్పా."

మర్నాడు కర్నూలు నుంచి వచ్చిన ఇద్దరు డాక్టర్లతో పాటు ఆయన్నీ బోటు ఎక్కించాను. నది ఎర్రనీళ్లు సముద్రపు పచ్చనీళ్లను తాకే గీత దగ్గర ఆపాను. చేపలు కాచుకుని ఉండేది అక్కడే.

"ఈ ఎర్రనీళ్లు యాడివప్పా?"

"పెన్నవి మామా. మన ఓర్వకల్లు కాడ పుట్టే కుందూ కూడా దీంట్లోనే కలిసేది."

ఆయనకు నిజంగానే కోపమొచ్చింది. "మా నీళ్లు ఇంత దూరమొచ్చి ఉప్పులో పడతాంటే చూస్తా కూసున్నారా?" అని డాక్టర్లను నిలదీశాడు. పాపం, వాళ్లు సారీ చెప్పారు.

తర్వాత మెల్లగా కాయ తీసి అరచేతిలో పెట్టుకున్నాడు. అలకు బోటు ఊగింది. కాయ టక్కున నిలబడింది.

"లేసె! లేసెనప్పా! ఈడ శానా నీళ్లుండాయి!"

బంగాళాఖాతంలో నీళ్లున్నాయని కనిపెట్టిన ఘనత మా మామదే.

ఒక డాక్టర్ ఉండబట్టలేక కాయ అడిగి తన చేతిలో పెట్టుకున్నాడు. ఆయన చేతిలోనూ లేచింది. అంటే ఎవరి చేతిలోనైనా లేస్తుందన్నమాట. మామ మళ్లీ మంచం పడతాడనుకున్నాను.

మామ ఆయన చెయ్యి తిప్పి తిప్పి చూశాడు. "సారూ, నీది మంచి చెయ్యి. ఈ డాక్టరు పని ఇడ్సిపెట్టి పత్తికొండకు రా."

రెండో డాక్టర్ మామ చూపించిన వైపే గాలం వేస్తూ కూర్చున్నాడు. ఏమీ పడలేదు. అడిగితే మామ, "నేను నీళ్లు చెప్తానప్పా. చేపలు నా డిపార్ట్‌మెంట్ కాదు."

ఆ రోజు నా డిపార్ట్‌మెంట్ కూడా బాగోలేదు. పక్షులు వాలిన చోటికి పోయాను, మడచెట్ల అంచుకు పోయాను, ఆటుపోటు మారేదాకా ఆగాను. ఒక్క చేప లేదు. ఉత్త చేతులతో వెనక్కి తిరిగాం.

మామ గొంతు తగ్గించి అడిగాడు. "చేపలు పడలే కదా, వాళ్లు నిన్నేమీ అనరా?"

"అంటారు మామా. తిడతారు కూడా."

"మరి రేపేం చేస్తావు?"

"ఏముంది, ఇంగో పాయింట్ చూస్తా."

ఒడ్డు చేరగానే కాయను సంచిలో సర్దుకున్నాడు. సాయంత్రమే బస్సెక్కేశాడు.

ఊరు చేరి నేరుగా మద్దిలేటి పొలానికి పోయాడు. మద్దిలేటి కుక్కను ఉసిగొల్పాడు. ఆ కుక్క మామను గుర్తుపట్టి తోక ఊపుతూ వెంట నడిచిందట. మద్దిలేటి గట్టు మీద నిలబడి తిడుతూనే ఉన్నాడు, మామ కాయతో తిరుగుతూనే ఉన్నాడు. ఒక తుమ్మచెట్టు పక్కన గుర్తుకు రాయి పెట్టి వచ్చేశాడు.

చాన్నాళ్ల తర్వాత మద్దిలేటి ఎవరికీ చెప్పకుండా అక్కడే బోరు వేయించాడు. నీళ్లు పడ్డాయి. ఆ మాట మామకు చెప్పడానికి మాత్రం నోరు రాలేదు. మోటారు చప్పుడు వినపడితే మామ అరుగు మీద కూర్చుని మురిసిపోయేవాడని అత్త చెప్పింది. మొన్నటిదాకా ఇద్దరికీ మాటల్లేవు.

నిన్న సాయంత్రానికి నేను ఊరు చేరాను. ఆఖరి స్నానానికి ఎవరో ట్యాంకర్ నీళ్లు బిందెల్లో పట్టి పెట్టారు. మద్దిలేటి వచ్చి ఆ బిందెలన్నీ ఒంపేశాడు. ఇదేం పనని అందరూ అరిచారు.

"ఆయప్ప చూపిచ్చిన నీళ్లు నా చేన్లో ఉండంగా, ఈ నీళ్లు యాందికప్పా?"

ట్రాక్టర్ మీద తెచ్చిన బోరు నీళ్లతో తనే మామకు స్నానం చేయించాడు. పోస్తున్నంతసేపూ మామతో మాట్లాడుతూనే ఉన్నాడు. పొలం సంగతి, పంట సంగతి, కుక్క పిల్లల్ని పెట్టిన సంగతి. ఇన్నేళ్లుగా దాచుకున్నవన్నీ చెప్పాడు.

మేమెవ్వరం తొందర పెట్టలేదు.

పోయి రా మామా. నీ మనసు చల్లగా ఉండాలి.