నాది కిడ్నీ కాదు, పారాటైఫాయిడ్

జీడితోటలో పిక్కలు ఏరుతుంటే ఒళ్ళు వణికింది. పైన ఎండ మాడ్చేస్తోంది, నాకేమో చలి. గంప అక్కడే దించేసి ఇంటికొచ్చి పడుకున్నాను. ఆ జ్వరం పొద్దున కాస్త నెమ్మదించేది, పొద్దుగూకేసరికి పెరిగేది. కడుపులో నొప్పి. అన్నం చూస్తేనే వెగటు.

మా ఉద్దానంలో ఎవరికి నీరసం వచ్చినా ముందు కిడ్నీయే అనుకుంటాం. మా ఆయన డయాలసిస్ మీద ఉండే పోయాడు. అందుకే మా కోడలు పార్వతి నన్ను పలాస తీసుకెళ్ళి, కిడ్నీ ఎలా పనిచేస్తోందో చెప్పే క్రియాటినిన్ టెస్ట్ చేయించింది. కాస్త ఎక్కువుంది. ఇల్లంతా ఏడుపు. పెరటి చెట్ల నిండా బొండాలు, నాకు నోరెండిపోతోంది. కిడ్నీ వాళ్ళకి కొబ్బరినీళ్ళు పడవని ఒక్క చుక్క ఇవ్వలేదు.

"ఏటే పార్వతీ, బతికుండగానే సంపేత్తన్నావు!"

"మావకీ ఇలాగే మొదలయింది కదత్తా" అని కళ్ళు తుడుచుకుంది.

ఊరి ఆర్‌ఎంపీ రోజూ వచ్చి యాంటీబయాటిక్ ఇంజక్షన్ పొడిచాడు. వైడాల్ టెస్ట్ చేయిస్తే నెగెటివ్. "టైఫాయిడ్ కాదు, ఇంక కిడ్నీయే" అనేశాడు. పలకరించడానికొచ్చిన పక్కింటామె "మొహం ఉబ్బిపోనాది" అంది. "నువ్వు కళ్ళజోడు మార్చుకో" అన్నాను.

జ్వరం తగ్గక టెక్కలి వెళ్తే, అక్కడి డాక్టరమ్మ మాత్రం వేరేగా చెప్పింది. "జ్వరంలో నీళ్ళు తక్కువైనా క్రియాటినిన్ పెరుగుతుందమ్మా. వైడాల్ ఒక్కదాన్నీ నమ్మలేం." సెలైన్ పెట్టించి, రక్తంలో ఏ క్రిమి పెరుగుతుందో చూసే బ్లడ్ కల్చర్‌కి రక్తం తీయించింది. క్రియాటినిన్ దిగింది. పార్వతి నమ్మలేదు. "మావకీ ఓపాలి దిగి మళ్ళీ పెరిగింది" అంది. కల్చర్ రిపోర్టు చూస్తే నో గ్రోత్, ఏ క్రిమీ పెరగలేదట. జ్వరం అలాగే ఉంది. ఆర్‌ఎంపీ రోజూ పొడిచిన ఇంజక్షన్ల సంగతి అప్పుడు డాక్టరమ్మకి చెప్పాను.

"ముందే యాంటీబయాటిక్ ఇంజక్షన్లు పడ్డాయి కదా, అందుకే రక్తంలో పెరగలేదేమో. ఎముక లోపలి మూలుగలో, బోన్ మేరోలో, దొరకొచ్చు" అని ఆవిడ శ్రీకాకుళం పంపింది.

"ఎముకలో సూదేత్తే మనిషి లెగుత్తాదా?" అని పార్వతి సంతకం పెట్టనంది.

"నాకేటి సెయ్యి లేదా? కాయితం ఇటియ్యి" అన్నాను. ముసలితనంలో నేర్చుకున్న అక్షరాలు వంకరగా వచ్చాయి, అయినా పేరు నాదే. తుంటి ఎముకలో సూది దిగినప్పుడు ప్రాణం జివ్వుమంది. కాసేపటికి లేచి కూర్చున్నాను.

ఆ కల్చర్‌లో పెరిగింది. సాల్మొనెల్లా పారాటైఫీ ఏ అనే క్రిమి అట, జబ్బు పేరు పారాటైఫాయిడ్. "టైఫాయిడ్‌కి చుట్టమే, కాస్త అరుదు. ఏ మందుకి చస్తుందో కూడా ల్యాబ్ వాళ్ళు తేల్చారు" అన్నాడు అక్కడి డాక్టరు.

"అయితే సంపీయండి బాబూ."

మందు ఎక్కుతున్నా జ్వరం వెంటనే దిగలేదు. పార్వతి మళ్ళీ ముక్కు చీదడం మొదలెట్టింది. ఒకరోజు పొద్దున్నే ఒళ్ళంతా చెమట పట్టింది, ఆకలేసింది. క్రియాటినిన్ మామూలుకొచ్చింది. "బొండాం తాగొచ్చా?" అని అడిగితే డాక్టరు నవ్వి "తాగమ్మా" అన్నాడు. ఇంటికెళ్ళగానే పార్వతి బొండాం కొట్టి ఇచ్చింది. ఒక్క గుక్కలో తాగేసి రెండోది కొట్టమన్నాను.

ఇప్పుడు మళ్ళీ తోటకి వెళ్తున్నాను. ఆర్‌ఎంపీ ఎదురైతే "ఏటి బాబూ, నా కిడ్నీ ఎలాగుంది?" అని అడుగుతాను. సైకిలు తొక్కుకుంటూ పోతాడు.

మీకు నేను చెప్పేది ఒకటే. జ్వరం తగ్గకపోతే, యాంటీబయాటిక్ పడకముందే బ్లడ్ కల్చర్ గురించి డాక్టర్ని అడగండి. ముందే పడిపోయిందా, ఏ ఇంజక్షన్ వేయించుకున్నారో దాచకుండా చెప్పండి. నా జబ్బుకి పేరు దొరికింది ఆ మాట చెప్పబట్టే.