కటకానా కింద నేను రాసిచ్చిన తెలుగు

2023లో అరబ్బు దేశంలో, కరామా అనే పేటలో ఒక హోటల్ మేడ మీది గదిలో ఆదివారాలు జపనీస్ చెప్పేదాన్ని. ఇళ్ళలో పనిచేసే మనవాళ్ళే ఎక్కువగా వచ్చేవారు. జపాన్‌లో వృద్ధులను చూసుకునే ఉద్యోగానికి భాషా పరీక్ష గట్టెక్కాలి మరి.

లీలది రాజోలు దగ్గర పల్లె. పనిచేసే ఇంట్లో కాంట్రాక్టు ఇక పొడిగించేది లేదన్నారు. రెండు నెలల్లో పరీక్ష పాసవ్వాలి, లేదంటే ఇంటికి విమానం ఎక్కాలి. "ఎనక్కెళ్ళేది లేదండి" అంది మొదటిరోజే.

కటకానా అంటే జపాన్‌వాళ్ళు పరాయి మాటలు రాసుకునే అక్షరాలు. వాళ్ళకు 'ల' లేదు, 'ర'తో సరిపెట్టుకుంటారు. టవల్ 'తఓరు' అవుతుంది, బెడ్ 'బెద్దొ' అవుతుంది. 'ఫ' కావాలంటే 'ఫు' పక్కన చిన్న 'అ' పెడతారు, మన వత్తులాగా. తేలిగ్గా ఉంటుందని ప్రతి అక్షరం కింద తెలుగు రాసి అందరికీ కాగితం ఇచ్చాను. అసలు తప్పు అదే.

లీల మొదటి రెండు మాక్ టెస్టులూ తప్పింది. మూడోసారి వెనక నిలబడి చూశాను. ప్రతి అక్షరం కిందా తెలుగు రాసుకుని, కూడబలుక్కుని, అది ఏ ఇంగ్లీషు మాటో వెతుక్కుంటోంది. సగంలోనే గంట మోగింది. నాకు ఒళ్ళు మండింది.

"ఆ కాగితం చించెయ్!"

"చించేత్తే నాకేం మిగుల్తాదండి?" కళ్ళనీళ్ళు పెట్టుకుంది. ఇచ్చింది నేనేగా, సిగ్గేసింది.

ఇక్కడ పనివాళ్ళు ఇంటావిడను 'మామా' అంటారు. "మీ మామా ఇంగ్లీషు ఎలా మాట్లాడుతుంది?" అని అడిగాను.

"అరబ్బీలో 'ప' లేదంటండి. పార్కింగుని బార్కింగంటాది, పాస్‌పోర్టుని బాస్‌బోర్టంటాది."

"అది తెలుగులో రాసుకుని అర్థం చేసుకుంటున్నావా?"

"అబ్బే, ఇనగానే తెలిసిపోద్దండి." ఆ మాట అంటూనే చేతిలో కాగితం చూసుకుని, "అయితే ఇదీ అంతేనాండి?" అంది. కాగితం తనే నాలుగు ముక్కలు చేసింది. "ఖలాస్ అండి."

మామాను అడిగి వంటింట్లో టవల్‌కీ ఫోర్కుకీ గ్లాసుకీ కటకానా చీటీలు అంటించింది. గిన్నెలు తోముతూనే పైకి చదివేది. మధ్యలో తెలుగు లేదు. గడువులోపే పాసైంది, అత్తెసరు మార్కులతోనే అనుకోండి.

తర్వాతి బ్యాచ్ నుంచి ఆ కాగితం ఇవ్వడం మానేశాను. ఆసరా ఇచ్చినవాళ్ళే దాన్ని వెనక్కి తీసుకోవడం కూడా నేర్చుకోవాలని లీల దగ్గరే తెలిసింది.

ఉద్యోగం దరఖాస్తులో తన పేరు కటకానాలో తనే రాసుకుంది. "అక్కడ నువ్వు 'రీరా'వి అయిపోతావు లీలా" అన్నాను కాస్త బాధగా.

"ఎలా పిలిత్తే ఏంటండి," అంది పెన్ను మూత పెడుతూ, "పలుకుతాను."